ఉత్తుత్తి పసుపు

నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు నేను చేసిన పనేమిటో మా చుట్టాల్లో ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. లేని డబ్బుతో లేని సరుకు కొనడం, అమ్మడం నేర్పేవాణ్ని. జీతం మాత్రం నిజమైనదే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మీలో చాలామంది ఫోన్లోనే డెమో ఖాతా తెరిచి బంగారమో, షేర్లో, మరొకటో కొని అమ్ముతున్నారు. ఎక్కడైనా కనిపిస్తే, "డెమోలో బాగానే వస్తోంది సార్, ఇక అసలు ఖాతా తెరవమంటారా?" అని అడుగుతారు. నేను ఔననీ అనలేక, వద్దనీ అనలేక మాట మారుస్తాను. అలా ఎందుకు మారుస్తానో చెప్పాలంటే ఒక ఆడమనిషి సంగతి చెప్పాలి.

మాది జగిత్యాలలో రెండు గదుల ఆఫీసు. హైదరాబాదులో ఉన్న ఒక శిక్షణ కంపెనీకి శాఖ. అంతకుముందు చాలాకాలం నేను ఒక బ్రోకరు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల తరఫున షేర్ల ఆర్డర్లు పెట్టేవాణ్ని. తెర మీద అంకెలు ఎర్రబడినప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఎలా మారుతుందో చూసీ చూసీ విసిగిపోయాను. అందుకే ఎవరికీ నష్టం రాని ఖాతాలతో రైతులకు మార్కెట్ గురించి నేర్పే ఉద్యోగం దొరికినప్పుడు సంతోషంగా చేరాను. ఇందులో ఎవరూ ఏడవరు కదా అనుకున్నాను.

పద్ధతి తేలికే. ఒక్కొక్కరికీ ఒక ట్యాబ్, అందులో ఒక డెమో ఖాతా. తెర మీద కనిపించే పసుపు ధర ఆ రోజు మార్కెట్లో నడుస్తున్న అసలు ధరే. సరుకూ, డబ్బూ మాత్రమే ఉత్తవి. దీనికి నేనొకటి జోడించాను. ఎవరింట్లో ఆ ఏడు ఎంత పసుపు పండుతుందో వాళ్ల డెమో ఖాతాలోనూ అంతే ఉండాలన్నాను. లక్షల బస్తాలు ఇస్తే ఆటైపోతుంది, ఇంటి లెక్క ఇస్తే ఇల్లు గుర్తొస్తుంది అని నా వాదన. పైవాళ్లు ఒప్పుకున్నారు. అది నా ఆలోచనేనని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా.

క్లాసులు కోరుట్లలో, ఒక ఎరువుల దుకాణం మీది అంతస్తులో జరిగేవి. మందుల వాసన మెట్ల మీదుగా పైకి వచ్చేది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. చుట్టుపక్కల ఊళ్లలో మగవాళ్లు సగం మంది గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి పసుపు తవ్వించేదీ, ఉడకబెట్టించేదీ వీళ్లే. నాతో పాటు ట్యాబులు చూసుకోవడానికి ఒక అమ్మాయి ఉండేది. సిరిసిల్ల పిల్ల, సాంచాల మీద బట్ట నేసే ఇంట్లో పుట్టి పెరిగి, కామర్స్ చదువుకుంది. సాంచాల చప్పుడులో పెరిగినందుకేమో గట్టిగా మాట్లాడేది. కానీ మాట్లాడేది తక్కువ.

నేను చెప్పబోయే ఆమె మా జిల్లాలోనే ఉన్న ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ఊరి నుంచి వచ్చేది. వయసు నలభైకి అటూ ఇటూ. భర్త పెళ్లైన కొత్తలోనే గల్ఫ్‌కు పోయాడు. ఎప్పుడైనా సెలవు మీద వచ్చి మళ్లీ పోయేవాడు. భూమి అతనికీ, అతని అన్నకూ ఉమ్మడి. పని అంతా ఈమెది. అమ్మకం మాత్రం ఆ అన్నది, అంటే ఈమె బావది. ఫోన్లో తమ్ముణ్ని అడిగి ఆయన అమ్మేవాడు. డబ్బు ఇద్దరికీ పంచేవాడు. మంచివాడే, ఒక్క రూపాయి తేడా చేసే మనిషి కాదు.

మొదటి రోజు నేను అందరినీ కొంచెం కొంచెం పసుపు అమ్మి చూడమన్నాను. గదంతా నవ్వులే నవ్వులు. ఒకావిడ మండలంలో పండే పసుపంతా తానే కొనబోయింది, ఖాతా ఒప్పుకోలేదు. ఈమె మాత్రం ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని ఊరకే కూర్చుంది. ఏమ్మా, అర్థం కాలేదా అని అడిగాను.

"అర్థమైంది సారు. ఉత్తుత్తిదైనా పంటేనాయె. ఊకె ఎట్ల అమ్ముత?" అంది.

అప్పటి నుంచి మా క్లాసులో దానికి 'ఉత్తుత్తి పసుపు' అని పేరు పడింది. మిగతావాళ్లకు అది నవ్వుకునే మాట. ఆమెకు కాదు.

పసుపు తవ్వే కాలం కావడంతో ఆమె వేలికొసలు మొద్దుబారి, పగిలి ఉండేవి. ట్యాబ్ ఆ వేళ్లను గుర్తుపట్టేది కాదు. ఎంత నొక్కినా తెర కదలకపోతే తప్పు తనదే అనుకుని చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ నొక్కేది. సిరిసిల్ల అమ్మాయి పక్కన కూర్చుని చిటికెన వేలుతో నొక్కి చూడమంది. అది పనిచేసింది. అప్పటి నుంచి ఆమె వ్యాపారమంతా చిటికెన వేలు మీదే నడిచింది.

మొదట్లో అందరిలాగే ఆమె కూడా తప్పులు చేసింది. ధర కాస్త తగ్గగానే భయపడి అమ్మేసేది, పెరగగానే బాధపడి ఎక్కువ ధరకు తిరిగి కొనేది. అయితే తప్పు చేసిన ప్రతిసారీ నా దగ్గరికి వచ్చి, నేనిప్పుడు ఎందుకు అమ్మినట్టు సారూ అని అడిగేది. నేనేమో ఆమెనే చెప్పమనేవాణ్ని. అలా అడుగుతూ అడుగుతూ తనకంటూ ఒక తీరు కుదుర్చుకుంది. తెర చూడకముందే ఈ రోజు ఏం చేయాలో అనుకునేది. పంటను ఒక్కసారిగా కాకుండా మూడు వంతులుగా అమ్మేది. అమ్మిన తర్వాత వారం దాకా ధర వైపు చూసేది కాదు. చూస్తే అన్నం సహించదనేది. నేను ఇన్నేళ్లలో చాలామందికి నేర్పాను కానీ, ఉత్త డబ్బును అంత బరువుగా పట్టుకున్న మనిషిని మరొకరిని చూడలేదు.

ఆ ఎండాకాలం పసుపు ధర ఎక్కడం మొదలుపెట్టింది. ఇంట్లో పసుపు ఉడికి, ఎండి, మెరుగు పట్టి, బస్తాలకెక్కి ఉంది. ఎక్కడ చూసినా అదే మాట. ఇంకా పెరుగుతుంది, ఇప్పుడు అమ్మినవాడు తర్వాత ఏడుస్తాడు అని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. మా క్లాసులో డెమో ఖాతాల్లో కూడా ఎవరూ అమ్మడం లేదు. ఆమె మాత్రం ఒక వంతు అమ్మింది. కొన్నాళ్లకు ఇంకో వంతు అమ్మింది. ఒకరోజు క్లాసు మొదలైన కాసేపటికే మిగిలినదంతా అమ్మేసి ట్యాబ్ బల్ల మీద పెట్టేసింది. ఎందుకలా అని అందరి ముందూ అడిగాను.

"మా ఊర్లె ఎవ్వలు అమ్ముతలేరు సారు. అంటె అందరిండ్లళ్ల బస్తాలున్నట్టే గదా. గవన్ని ఒక్కపారే బయటికి అచ్చినయంటే కొనేటోడు ఎవడు?" అంది.

ఆ రోజు క్లాసు అయ్యాక ఆమె దిగిపోలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి, తన మనసులోది చెప్పింది. ఇంట్లో అసలు పసుపు ఒక్క బస్తా కూడా కదలలేదట. కనీసం సగమైనా అమ్ముదామని బావకు చెబితే, తమ్ముణ్ని అడుగు అన్నాడట. భర్తను అడిగితే ఆగుదామన్నాడట. తాను క్లాసులో నేర్చుకున్నది చెప్పబోతే అది ఉత్తుత్తిది కదా అని నవ్వాడట. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, మీరొక్క మాట చెప్పండి, మీ మాటైతే వింటాడని.

మా కంపెనీలో దీనికి గట్టి నియమం ఉంది. అమ్మమనీ, ఆగమనీ ఎవరికీ సలహా ఇవ్వకూడదు. నేను సిరిసిల్ల అమ్మాయి వైపు చూశాను. ఆ అమ్మాయి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది. సరే మాట్లాడతానన్నాను.

శుక్రవారం ఆమె భర్తకు సెలవు. ఆ మధ్యాహ్నం ఆమె మా క్లాసు గదిలోంచే వీడియో కాల్ చేసింది. మంచం మీద మంచం వేసిన గదిలో, పై మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెనకాల తాడు మీద నలుగురైదుగురి బట్టలు ఆరేసి ఉన్నాయి. బక్కపలచటి మనిషి, నవ్వు ముఖం. నమస్తే పెట్టి, మా ఇంటామెకు మంచిగ నేర్పుతున్నారట సారూ అని మర్యాదగా మాట్లాడాడు. నేను ధర ఎంత ఎక్కిందో, ఎందుకు ఎక్కిందో, ఎందుకు దిగే వీలుందో చెప్పాను. సగం అమ్మితే ఎటు జరిగినా సగం దక్కుతుందని చెప్పాను. అంతా విన్నాడు. విన్నాక ఒకే ప్రశ్న వేశాడు.

"పక్కా పడిపోతదా సారు?"

పక్కా అని ఎవరూ చెప్పలేరని అన్నాను. అది నిజం. అబద్ధం చెప్పే పని నేను ఎప్పుడూ చేయలేదు, ఆ రోజూ చేయలేకపోయాను.

అతను మంచం అంచుకు జరిగి, "తప్పువట్టకుండ్రి సారు. ఈపారి అచ్చిన్నంటే మల్ల విమానం ఎక్కద్దనుకుంటున్న. బోరేసుకోవాలె, రెండు బర్లను కొనుక్కొని ఇంటికాడనే ఉండాలె. ఇంకింత ధర అస్తే గదంత అయితది. గందుకే ఆశ," అన్నాడు.

ఆమె ఫోన్ తీసుకుని, నువ్వు వస్తే చాలు, బోరు తర్వాత వేసుకుందామని చెప్పింది. అతను నవ్వి, దసరాకు వస్తాను, అప్పటిదాకా ఆగు అన్నాడు. అతన్ని మూర్ఖుడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ గదిలో, ఆ తాడు కింద కూర్చుంటే నేనూ ఆగమనే అనేవాణ్నేమో.

ధర ఆ తర్వాత కొంచెం ఎక్కింది. ఆమె క్లాసుకు వచ్చింది కానీ తల ఎత్తలేదు. తర్వాత తగ్గింది. తగ్గినది మళ్లీ ఎక్కుతుందని ఊరంతా ఆగింది. వానలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ భయపడి బస్తాలు బయటికి తీయడంతో ధర ఇక ఆగకుండా పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా హైదరాబాదు వాళ్లకు ఒక సభ పెట్టాలని బుద్ధి పుట్టింది. శిక్షణ పొందినవాళ్లలో ఎవరి డెమో ఖాతాలో ఎక్కువ లాభం వచ్చిందో వాళ్లకు సన్మానమట. చూసుకోవాల్సిన పని కూడా లేదు, అందరికంటే పైన ఉన్నది ఆమె ఖాతానే. వేరే ఎవరికైనా ఇవ్వమని, ఆమె ఇంట్లో పరిస్థితి బాగా లేదని పైవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. సిరిసిల్ల అమ్మాయి కూడా చెప్పింది. డెమోకూ ఇంటికీ ఏం సంబంధమని వాళ్లు మమ్మల్నే అడిగారు. ఆమెకు మేమే కబురు చేయాల్సి వచ్చింది. రానంటుందనుకున్నాను. పిలిచిన తర్వాత రాకపోతే మీకు మాట వస్తుంది కదా అని, తోడికోడలిని వెంటబెట్టుకుని బస్సెక్కి జగిత్యాలకు వచ్చింది.

ఫంక్షన్ హాలు నిండుగా ఉంది. వేదిక మీద పెద్ద తెర, దాని మీద ఆమె డెమో ఖాతా. ఎక్కడ అమ్మిందో అక్కడ మూడు చుక్కలు పెట్టారు. చివరి చుక్క కొండ కొసకు కాస్త ముందు ఉంది. కొస దాటాక గీత జారిపోతూ ఉంది. మా కంపెనీ పెద్ద ఆఫీసరు ఆ గీతను చూపిస్తూ, ఈ అమ్మ ఎంత తెలివిగా బయటపడిందో చూడండి అన్నాడు. శాలువా కప్పారు. ఒక షీల్డు ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఆమె చేతిలో పెట్టారు.

ఆమె తెర వైపు ఒకసారి తిరిగి చూసింది.

"గీడ నేను అమ్మిన పసుపు మా ఇంట్లనే ఉన్నది సారు. బస్తాలు బస్తాలే ఉన్నయి," అంది.

హాలంతా చప్పట్లు కొట్టింది. జోకు అనుకున్నారు. ఆఫీసరు పకపకా నవ్వి, చూశారా, లాభమూ వచ్చింది, సరుకూ మిగిలింది అన్నాడు. ఆమె మైకు ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడింది. ముందు వరుసలోంచి సిరిసిల్ల అమ్మాయి లేచి వేదిక ఎక్కి, మైకు తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని ఆమెను కిందికి దింపుకొచ్చింది. నా ఉద్యోగంలో నేను చాలా సభలు చూశాను. చప్పట్లు అంత చెడ్డగా వినిపించిన సభ మరొకటి లేదు.

పోయేముందు ఆమె ఆఫీసుకు వచ్చి షీల్డు నా బల్ల మీద పెట్టింది. ఇది ఇక్కడే ఉంచండి సారూ, ఇంట్లో పెడితే వీడియోలో ఆయన కంట పడుతుంది అంది. కోపం చేస్తాడా అని అడిగాను. కోపమైతే బాగుండును, నొచ్చుకుంటాడు అంది.

ఆ నెలాఖరుకే సిరిసిల్ల అమ్మాయి రాజీనామా ఇచ్చింది. తిరిగి పిలుద్దామని ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో సాంచాలు ఆడుతున్నాయి, వాళ్ల నాన్న వాటి మధ్య తిరుగుతున్నాడు. మేం బయట అరుగు మీద కూర్చున్నాం. ఎవరో చప్పట్లు కొడితే నువ్వు ఉద్యోగం ఎందుకు మానాలి బిడ్డా అన్నాను.

"అది కాదు సార్. మనం వాళ్లకు అమ్ముడు నేర్పినం. ఇంట్ల ఒప్పించుడు ఎవరు నేర్పుతరు?" అంది.

వాళ్లమ్మ ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. డెమో ఖాతాలో మనిషి ఒక్కడే ఉంటాడు. ఆ సంగతి అన్నేళ్ల అనుభవంలో నాకు తట్టలేదు, ఆ పిల్లకు తట్టింది.

దసరాకు కొంచెం ముందు, షీల్డు వదిలిపోయిన ఆమె ఇంటి పసుపు చెప్పుకోలేనంత తక్కువ ధరకు పోయింది. ఆమె భర్త రాలేదు. వీసా మళ్లీ పొడిగించుకున్నాడు. ఆమె క్లాసులకు రావడం మానేసింది. డెమో ఖాతా చాలాకాలం వాడకపోతే కంప్యూటర్ దానంతటదే మూసేస్తుంది, అలాగే మూసుకుంది.

మరుసటి ఎండాకాలం అతనికి పని దగ్గరే పక్షవాతం వచ్చిందని తెలిసింది. అక్కడి ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. తోటి పనివాళ్లు తిరిగి తిరిగి కాగితాలు చేయించి విమానమెక్కించారు. అతన్ని ఇంటికి తెచ్చాక నేను చూడ్డానికి వెళ్లాను. కుడి పక్కంతా పోయింది. మాట పోయింది. వాకిట్లో మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. నేను ఫోన్లో చూసిన నవ్వు ముఖం సగమే మిగిలింది. ఆమె వంగి, మొన్న నీతో ఫోన్లో మాట్లాడిన సారు వచ్చిండని చెప్పింది. మొన్న అని ఎందుకందో, ఆ మాట నన్ను పట్టుకుంది. అతను నన్ను గుర్తుపట్టాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. కళ్లు నిండాయి. మళ్లీ విమానం ఎక్కనక్కర లేకుండా ఇంటికి వచ్చాడు, అతను కోరుకున్నట్టే.

పక్కన కుర్చీలో కూర్చున్న అతని అన్న కూడా కుమిలిపోతున్నాడు. నా వైపు తిరిగి, "అప్పుడే అమ్మేస్తే అయిపోతుండె సారు. ఈమె చెప్పనే చెప్పింది," అన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. "గా మాట ఆయన ముందట అనకు బావా. ఇంకెన్నడు అనకు," అంది.

ఆయన తల దించుకున్నాడు. ఆ ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదని తర్వాత విన్నాను. పసుపు అమ్మకం మాత్రం ఆయన ఆమెకే వదిలేశాడు.

నేను రిటైరయ్యాను. ఆ ఏటి పసుపు చేతికొచ్చిన తర్వాత ఒకరోజు ఆమె నుంచి ఫోన్ వచ్చింది. సరుకు మెట్‌పల్లి మార్కెట్‌కు తెస్తున్నాను, ఒక్కసారి వస్తారా సారూ అని అడిగింది. ఏదో సలహా కావాలి కాబోలు అనుకుని, నాలుగు రోజులుగా ధరలు ఎలా ఉన్నాయో అన్నీ చూసుకుని మరీ బస్సెక్కాను. యార్డు గేటు పక్కన చెట్టు నీడలో ట్రాలీ ఆటో ఆగి ఉంది. బస్తాలకు ఆనించి దిండు పెట్టి భర్తను కూర్చోబెట్టింది. నన్ను చూసి, నేను లోపలికి పోయి వస్తా, అప్పటిదాకా ఈయన దగ్గర కూర్చోండి సారూ, ఒక్కణ్ని వదిలితే పక్కకు ఒరిగిపోతాడు అంది. నన్ను పిలిచింది అందుకు. నా ధరలు నా జేబులోనే ఉన్నాయి.

తెచ్చింది మూడో వంతే. మిగతాది ఇంట్లో ఉంచింది. నేను అతని భుజం పట్టుకుని కూర్చున్నాను. లోపల ఆమె కొమ్ములు విరిచి చూపించడం, ఒకాయనతో మాట్లాడి ఇంకొకాయన దగ్గరికి పోవడం కనిపిస్తూనే ఉంది. ఎక్కడా తొందర లేదు. కాసేపటికి తిరిగి వచ్చింది. ధర బాగానే వచ్చిందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. నాకు చెప్పలేదు. ఆటో ఎక్కి అతని ముందు గొంతుకూర్చుని, ముందు ఎంతన్నారో, బేరం చేస్తే ఎంతకొచ్చారో నెమ్మదిగా చెప్పింది.

"అమ్ముదమా?" అని అడిగింది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. పెదవి ఒక పక్కకు లాగింది. గొంతులో గురగుర వినిపించింది కానీ మాట పుట్టలేదు. ఎడమచెయ్యి బస్తా మీద వెతుకుతున్నట్టు కదిలింది. ఆమె అలాగే కూర్చుని ఎదురుచూసింది. కొనేవాళ్ల మనిషి ఆటో దాకా వచ్చి, ఏందమ్మా, కాంటా పెట్టాల్నా వద్దా అని తొందర చేశాడు.

"జర ఆగు తమ్మి. మా ఆయన చెప్తాండు," అంది.